హ్యాండిలు ఎందుకు ఊగుతుందంటే

బైకు చక్రాలకి బాలెన్సు చెయ్యడమే నా బతుకు. నవ్వకండి. అమలాపురంలో మా షెడ్డులో ఇంజను విప్పేవాళ్ళున్నారు, వైరింగు చూసేవాళ్ళున్నారు, పెయింటింగు వాళ్ళున్నారు. చక్రం దగ్గరికొచ్చేసరికి మాత్రం "రత్నరాజుని పిలవండి" అనేవారు. ఆఖరికి పెళ్ళిళ్ళలో పరిచయం చేసేటప్పుడు కూడా "ఈయన చక్రాల రత్నరాజు గారండి" అనడం మొదలెట్టేరు. మా ఆవిడకి మొదట్లో ఒళ్ళు మండిపోయేది, మనిషికి ఇంటిపేరనేది లేదా అని. తర్వాత తర్వాత ఫోనెత్తి తనే "ఆయ్, చక్రాల వారింటి నుంచేనండి" అనడం నేను చెవులారా విన్నాను.

ఇప్పుడు షెడ్డుకి వెళ్ళడం మానేసేను. బుర్ర వెళ్దామంటుంది, మోకాళ్ళు వద్దంటున్నాయి. అయినా కొత్తగా పన్లోకి దిగిన కుర్రాళ్ళు ఫోన్లు చేస్తూనే ఉంటారు. "గురువుగారూ, బండి అరవై దాటితే ఊగుతోందండి, ఏం చెయ్యమంటారు?" ఒక్కొక్కడికీ గొంతు పోయేలా చెప్పే బదులు రాసి పడేస్తే ఓ పనైపోద్దని కూర్చున్నాను. జీతం ఎప్పుడు పెరిగింది, హెడ్డు మెకానిక్కుని ఎప్పుడయ్యేను, ఇలాంటివి ఇందులో ఉండవు. అవి విన్నదీ, మెచ్చుకున్నదీ మా అత్తగారొక్కరే.

మేస్త్రి గారి స్టాండు

షెడ్డు సత్తిబాబు మేస్త్రి గారిది. నేను చూసిన మెకానిక్కుల్లో తెల్ల పంచె కట్టుకుని పని చేసిన మనిషి ఆయనొక్కరే. సాయంత్రం వరకూ ఆ పంచె మీద చుక్క గ్రీజు పడేది కాదు. మాకు పడితే మాత్రం తిట్టేవారు. తిట్లంటే మామూలు తిట్లు కాదు, కథాకాలక్షేపంలా సాగేవి. మా తాతల దగ్గర మొదలెట్టి నా దగ్గరికి వచ్చేసరికి టీ వేళయ్యేది.

ఆయనకి రెండు ప్రాణాలు. ఒకటి ఆ షెడ్డు. రెండోది చక్రం తూకం చూసే స్టాండు. రెండు ఇనప గుంజలు, వాటి తలల మీద నున్నగా తిరిగే బేరింగులు, అంతే. చక్రం విప్పి, దానిలోంచి ఇరుసు రాడ్డు దూర్చి, ఆ బేరింగుల మీద కూర్చోపెట్టి వదిలెయ్యాలి. మనం ఏమీ చెయ్యక్కర్లేదు. బరువెక్కువున్న పక్క దానంతటదే కిందకొచ్చి ఆగుతుంది. అప్పుడు పైన చాక్‌పీసుతో గీత పెట్టాలి. ఆ గీత దగ్గర కాస్త బరువు తగిలించి, చక్రాన్ని పావు వంతు తిప్పి మళ్ళీ వదలాలి. ఎక్కడ వదిలితే అక్కడ కదలకుండా నిలబడితే తూకం కుదిరినట్టు. ఇంత చిన్న పనికి ఓపిక మాత్రం బండెడు కావాలి.

"చక్రాన్ని తొయ్యకురా, వదులు," అనేవారు మేస్త్రి గారు. "నువ్వు తోస్తే అది నీ మాట చెప్పుద్ది. వదిలితే దాని మాట చెప్పుద్ది."

ఆ చిన్న బరువుల కోసం నేను పడ్డ పాట్లు ఇప్పటి వాళ్ళకి చెబితే నమ్మరు. అప్పట్లో మాకు అవి అమ్మే కొట్టు తెలీదు. మాది ఉప్పలగుప్తం దగ్గర. మా మావయ్య సముద్రం మీద వేటకెళ్ళే మనిషి. వల మునగడానికి అంచుకి కట్టే సీసం గుళ్ళు ఆయన ఇంట్లో డబ్బాలో ఉండేవి. ఓ గుప్పెడు జేబులో వేసుకొచ్చి, సుత్తితో చితక్కొట్టి, రేకులా చేసి, స్పోకు మొదట్లో చుట్టి పైన టేపు వేసేను. చక్రం నిక్షేపంలా నిలబడింది. మేస్త్రి గారు వంగి చూసి, ముక్కు చిట్లించి, "చేపల వాసనొస్తోందేరా నా చక్రం?" అన్నారు. మర్నాడు పొద్దున్నే మాత్రం నన్ను పక్కకి పిలిచి, "మీ మావయ్యగారిని ఇంకో డబ్బాడు అడగరా," అన్నారు. ఆయన నోట మెచ్చుకోలంటే అంతకు మించి వచ్చేది కాదు. నాకు ఆ రోజంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఆయన పెట్టిన చట్టం ఇంకోటుంది. షెడ్డులోకి ఏ బండొచ్చినా ముందు వాటర్ సర్వీసు జరగాలి. పైపు పెట్టి అణువణువూ కడిగి, తుడిచి, అప్పుడే పానా ముట్టుకోవాలి. "బురద కాళ్ళతో మీ ఇంట్లోకి వెళ్తావా? మీ అమ్మ ఊరుకుంటుందా? మరి బురద చక్రాన్ని నా స్టాండు ఎక్కిస్తావేం?" అనేవారు. మంచి అలవాటే కదా అనుకునేవాళ్ళం. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మెషీనూ, మందూ, కొబ్బరి నూనే

ఇప్పుడు మెషీన్లొచ్చేయి. చక్రం బిగిస్తే గిర్రున తిప్పి, ఎక్కడ ఎంత బరువు పెట్టాలో అంకె చూపిస్తాయి. మెషీనంటే నాకు ఏ కోపమూ లేదు. వెడల్పాటి టైరుకి, అల్లాయ్ చక్రానికి అదే మేలు, ఎందుకంటే ఎడమ పక్కా కుడి పక్కా విడివిడిగా చూస్తుంది. మా స్టాండుకి ఆ తెలివి లేదు. అల్లాయ్‌కి అతికించే బరువు బిళ్ళలు పెట్టేటప్పుడు మాత్రం ముందు ఆ చోటు స్పిరిటుతో తుడవండి. తుడవకపోతే ముమ్మిడివరం వెళ్ళేలోపు బిళ్ళ కాలవలో ఉంటుంది, కస్టమరు మీ గుమ్మంలో ఉంటాడు.

కొందరు టైరులో జిగురు మందు పోయించుకుంటారు, పంక్చరూ పడదు తూకమూ కుదురుద్దని. పంక్చరు సంగతి ఒప్పుకుంటాను. తూకం సంగతి ఒప్పుకోను. బండి ఆగి ఉంటే ఆ మందంతా కిందకి చేరి కూర్చుంటుంది, బయల్దేరగానే కాసేపు శివాలే. సన్న పూసలు పోసే పద్ధతి కూడా ఉందట. నేను వాడలేదు కాబట్టి మంచీ చెడూ చెప్పను. వాడనిదాని గురించి గంటసేపు మాట్లాడేవాళ్ళు మనకి టీ కొట్టు దగ్గర బోలెడుమంది ఉన్నారు.

మన కోనసీమ వాళ్ళ రోగం ఒకటి చెప్పాలి. టైరు రిమ్ముకి ఎక్కనని మొరాయిస్తే చాలు, కొబ్బరి నూనె రాసేస్తారు. ఒంటికీ అదే, తలకీ అదే, టైరుకీ అదే! నూనె రాసిన టైరు బ్రేకు వేసినప్పుడల్లా రిమ్ము మీద జారుతుంది. మీరు కష్టపడి కుదిర్చిన తూకం మర్నాటికి చెదిరిపోద్ది, పైగా ట్యూబు మెడ తెగుద్ది. సబ్బునీళ్ళు రాయండి బాబూ, ఆరిపోయి పట్టుకుంటాయి. కొత్త టైరు మీద రంగు చుక్క ఉంటే దాన్ని గాలి కొట్టే వాల్వు పక్కకి తెచ్చి ఎక్కించండి. చుక్క ఉన్న చోట టైరు తేలిక, వాల్వున్న చోట రిమ్ము బరువు. సగం తూకం అక్కడే కుదిరిపోద్ది.

ఇంకోటి. బండి ఊగుతోందనగానే బరువుల డబ్బా తియ్యకండి. గాలి చూడండి. రిమ్ము బెండుందేమో చూడండి. చక్రం బేరింగులు, హ్యాండిలు కింద కోన్ సెట్టు చూడండి. బ్రేకు పట్టేసి ఉంటే స్టాండు మీద చక్రం పచ్చి అబద్ధాలు చెబుతుంది. ఇవన్నీ చూసేక కూడా ఊగితే ఏం చెయ్యాలో మాకు ఒక టీచరు గారు నేర్పేరు. నా సర్వీసు మొత్తంలో నాకు బుద్ధొచ్చిన కేసు ఒక్కటే చెప్పమంటే అదే చెబుతాను.

సుగుణ టీచరు గారి బండి

సుగుణకుమారి గారి బడి గోదావరి మధ్య లంకలో ఉంది. అమలాపురం నుంచి మురమళ్ళ మీదుగా రేవుకి వెళ్ళి, ఒడ్డున బండి పెట్టి, పడవ ఎక్కాలి. ఆ బడికి ఆవిడొక్కరే టీచరు. ఆవిడ వెళ్ళకపోతే తలుపు తీసే దిక్కు లేదు. పడవేమో ఎనిమిదింటికల్లా వెళ్ళిపోద్ది, మొదటి బస్సెక్కినా అందదు. ఏటి కట్ట మీద గతుకులకి స్కూటీ ఆగదని గేరు బండే నేర్చుకున్నారు. అంచేత ఆవిడకి బండంటే షోకు కాదు. బండి ఉంటేనే ఆ బడి.

ఓ శనివారం సాయంత్రం వచ్చేరు. "రత్నరాజు గారూ, యాభై దాటితే హ్యాండిలు ఊగిపోతోందండి," అన్నారు. కడిగేం, స్టాండెక్కించేం, కొద్దిగా తేడా ఉంటే సీసం చుట్టేం. నేనే బండేసుకుని నల్లవంతెన దాకా వెళ్ళొచ్చేను. వెన్నపూస మీద వెళ్తున్నట్టుంది. ఆవిడ దణ్ణం పెట్టి వెళ్ళేరు.

మళ్ళీ శనివారం మళ్ళీ వచ్చేరు. మళ్ళీ అదే మాట. మళ్ళీ కడిగేం, మళ్ళీ ఎక్కించేం. తేడా ఏమీ లేదు, పిసరంత కూడా. ఆ తర్వాత వారం మేస్త్రి గారే పంచె ఎగ్గట్టి కూర్చున్నారు. బేరింగులు మార్చేరు, కోన్ సెట్టు మార్చేరు, చక్రాన్ని స్టాండు మీద గంటసేపు చూసేరు. ఎక్కడ వదిలితే అక్కడే, శిలలా నిలబడింది.

"అమ్మా, చక్రంలో దోషం లేదు. మీరే కాస్త భయపడుతున్నారేమో," అన్నారు మేస్త్రి గారు.

"భయపడేదాన్నయితే రోజూ గోదావరి దాటతానా బాబయ్యగారూ?" అన్నారావిడ. మేస్త్రి గారు తల గోక్కున్నారు. ఆయన తల గోక్కోవడం మేం చూడ్డం అదే మొదటిసారి.

ఆ గురువారం ఆవిడ పడిపోయేరు. కట్ట మీద మలుపులో హ్యాండిలు చేతుల్లో కొట్టుకుని, బండితో సహా వెళ్ళి పంట కాలవ గట్టున పడ్డారు. దేవుడి దయ వల్ల మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ భర్త ప్రభుదాసు గారు షెడ్డుకొచ్చేరు. బ్యాంకులో ఉద్యోగం, మంచి మనిషి, చీమకి కూడా దారిచ్చే రకం. ఆ రోజు మాత్రం మొహం కందగడ్డలా ఉంది.

"బండి అమ్మేస్తున్నానండి. మా ఊరి వైపు రొయ్యల చెరువులాయనకి మాటిచ్చేసేను. రేపు ఏడింటికి మీ షెడ్డు దగ్గరే అప్పచెబుతాను. సుగుణ కూడా ట్రాన్స్‌ఫరుకి అర్జీ పెట్టుకుంటుంది."

"మరి ఆ బడో అండీ?" అన్నాను.

"బడికి ఇంకో టీచరు వస్తారండి. నాకు ఇంకో సుగుణ రాదు కదండీ," అన్నారు.  ఆయన వెళ్ళిపోయేక ఆ బాధకి మధ్యాహ్నం క్యారేజీ విప్పబుద్ధి కాలేదు. మూడుసార్లు మా చేతుల్లోంచి వెళ్ళిన చక్రం ఓ మనిషిని కాలవ గట్టున పడేసింది, ఎందుకో మాకు తెలీదు. మెకానిక్కుకి అంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

కడగొద్దు

సాయంత్రం బండి అప్పచెప్పడానికి ఆవిడే వచ్చేరు, రేవు నుంచి తిన్నగా. మోచేతికి కట్టు. కూర్చోమని స్టూలేసేను.

"నెమ్మదిగా, ఎడ్లబండిలా తోలుకొచ్చేనండి," అన్నారు. "ఇవాళ పిల్లలకి చెప్పలేకపోయేను. నేను మానేస్తే వాళ్ళు మళ్ళీ చెరువుల మీద మేత జల్లే పనికి పోతారు." కళ్ళొత్తుకున్నారు.

 ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషి అలవాటైన పని చేస్తాడు. వాటర్ సర్వీసు పైపు తీసేను.

"ఒక్క నిమిషం," అన్నారావిడ. "నాకో అనుమానమండి. మీ దగ్గర్నుంచి తీసుకెళ్ళిన రోజు ఊగదు. ఆదివారం చర్చికెళ్ళినా ఊగదు. సోమవారం పొద్దున్న రేవు దాకా కూడా ఊగదు. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మొదలవుద్ది. ఇక శనివారం దాకా ఊపే. మీ దగ్గరికి రాగానే తగ్గిపోద్ది. బండి ఇక్కడికి రాగానే మీరు మొట్టమొదట చేసే పనేవిటండీ?"

"కడగడమండి."

అన్నాను గానీ, పైపు నా చేతిలోనే ఉంది. నీళ్ళు కారుతున్నాయి. నేను పైపు కేసి చూసేను, ఆవిడా పైపు కేసే చూసేరు.

"అయితే ఇవాళ కడక్కుండా చూడండి," అన్నారు.

మేస్త్రి గారు లోపల్నుంచి వినేసేరు. "ఏవిట్రా? ఆ బురద చక్రం నా స్టాండు మీదకా? నా కంఠంలో ప్రాణముండగా?" అంటూ వచ్చేరు. ఆయనకి ఎదురు చెప్పడం నాకు అలవాటు లేదు. కానీ ఆ రోజు చెప్పేను. "మేస్త్రి గారూ, స్టాండు మురికైతే నేను కడుగుతాను. రేపు పొద్దున్న ఈ బండి పోతే ఆ బడి మూతపడుద్దండి." ఆయన టీచరు గారి మోచెయ్యి చూసేరు. పంచె ఎగ్గట్టేరు. "విప్పు," అన్నారు.

చక్రం స్టాండెక్కిందో లేదో, చెట్టు నుంచి కొబ్బరికాయ దిగినట్టు ఓ పక్క గభాలున కిందకొచ్చింది. అంత తేడా నా సర్వీసులో చూడలేదు. వంగి చూస్తే రిమ్ము లోపలి పక్క, స్పోకుల మొదళ్ళ మధ్య, ఒండ్రు మట్టి దట్టంగా పేరుకుని బిగిసిపోయి ఉంది. ఆ ఒక్క చోటే. స్క్రూడ్రైవరు పెట్టి గీకితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. అదంతా ఊడ్చేసి వదిలితే, మేం చుట్టిన సీసంతో చక్రం ఎక్కడ వదిలితే అక్కడ నిలబడింది.

సంగతేవిటంటే, రేవు ఒడ్డున ఆవిడ బండి పెట్టే చోట పొద్దున్న ఒండ్రు మెత్తగా ఉంటుంది. ముందు చక్రం రిమ్ము దాకా దిగబడుద్ది. పోటు నీళ్ళొచ్చి ఇంకాస్త మట్టి చేర్చి పోతాయి. ఆ పైన రోజంతా ఎండ. సాయంత్రానికి అది ఇటికే. మేం శనివారం శనివారం ఆ ఇటికని శుభ్రంగా కడిగేసి, రోగం లేని చక్రానికి వైద్యం చేసేవాళ్ళం.

రోజూ చూస్తున్నా ఆవిడకి బురద కనపడలేదా, మీకైనా కనపడలేదా అంటారేమో. మా మడ్‌గార్డుల నిండా, మా గుమ్మాల నిండా, మా కాళ్ళ నిండా అదే కదండీ! గోదావరి వాళ్ళకి బురద ఓ వస్తువులా కనపడదు. దానికీ బరువుంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

మేస్త్రి గారు ఓ పెళ్ళ చేతిలోకి తీసుకుని బరువు చూసేరు. తిడతారేమోనని నేను ఓ అడుగు వెనక్కేసేను. ఆయన నవ్వడం మొదలెట్టేరు. పొట్ట పట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వేరు. "ఓరి మన ఇల్లు బంగారం గానూ! అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు గానీ, కడిగితే కొంప మునుగుద్దని ఎవరూ చెప్పలేదేరా!" తెల్ల పంచె మీద ఒండ్రు మరక పడింది. ఆయన తుడుచుకోలేదు.

ఆ రోజు నుంచి షెడ్డులో చట్టం మారింది. వచ్చిన బండిని వచ్చినట్టుగా చూడాలి. ఎక్కడ తిరుగుతుందో ఒక్కటే కాదు, ఎక్కడ ఆగుతుందో కూడా అడగాలి. ఆ తర్వాతే కడగాలి. మీకు మెషీనున్నా సరే, నా దగ్గర్నుంచి ఈ ఒక్కటీ పట్టుకెళ్ళండి. మెషీను మీరు ఎక్కించిన చక్రాన్నే చూస్తుంది, మీరు కడిగి పారేసినదాన్ని చూడలేదు.

శనివారం ఏడింటికి

పొద్దున్నే ప్రభుదాసు గారూ, టీచరు గారూ నడుచుకుంటూ వచ్చేరు. బడుంది కాబట్టి ఆవిడ చేతిలో టిఫిను క్యారేజీ, హెల్మెట్టు. రొయ్యల చెరువులాయన తన పాత మోపెడు మీద దిగేరు. నేను మట్టి పెళ్ళలు చూపించి జరిగింది చెప్పేను. పడవ సరంగుతో మాట్లాడేనని, ఒడ్డున రెండు కొబ్బరి దుంగలు పరిపించి వాటి మీద బండి పెట్టుకుంటానని టీచరు గారు చెప్పేరు. ప్రభుదాసు గారు అన్నీ విని, "మట్టికే మనిషి పడిపోద్దా అండీ?" అన్నారు.

"నమ్మకపోతే వెనకెక్కండి," అన్నారు టీచరు గారు.

ఆయన బిక్కుబిక్కుమంటూ ఎక్కేరు. బైపాసు మీద అలా వెళ్ళి ఇలా వచ్చేరు. దిగేసరికి ఆయన జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది.

"ఎలా ఉందండీ?" అన్నారు మేస్త్రి గారు.

"డెబ్బై కొట్టిందండి," అన్నారాయన నీరసంగా. "నేను ఊగేను గానీ బండి ఊగలేదండి."

చెరువులాయన ఆగలేకపోయేరు. తనూ ఓ రౌండు కొట్టొచ్చి, మొహం చాటంత చేసుకుని, "ఆయ్, బండంటే ఇదండీ బండి! ఇంకేం చూడక్కర్లేదు, ఇప్పుడే తీసుకెళ్ళిపోతాను," అన్నారు.  మేం బాగు చేసింది ఆయన కోసమా!

ప్రభుదాసు గారు భార్య కేసి చూడలేక నేల చూపులు చూస్తూ, "మాటిచ్చేసేనే సుగుణా," అన్నారు.

టీచరు గారు టిఫిను క్యారేజీ హ్యాండిలుకి తగిలించేరు. హెల్మెట్టు పెట్టుకుని, కింద పట్టీ బిగించుకున్నారు. చెరువులాయన దగ్గరికెళ్ళి చెయ్యి చాపితే ఆయన తాళం ఇచ్చేసేరు, ఎందుకిస్తున్నారో ఆయనకే తెలీదు.

"అన్నయ్యగారూ, ఏమీ అనుకోకండి," అన్నారావిడ. "మా వారు మీకిచ్చింది ఆయన మాట. బండి నాది. ఎనిమిదింటికి పడవండి."

కిక్కు కొట్టేరు, గేరేసేరు, వెళ్ళిపోయేరు. మలుపు తిరిగేదాకా నేను హ్యాండిలు కేసే చూసేను. పిసరంత కూడా కదల్లేదు.

 చెరువులాయన ఖాళీ చెయ్యి చూసుకున్నారు. "మరి నా సంగతేవిటండీ?" అన్నారు.

ప్రభుదాసు గారు జుట్టు సర్దుకున్నారు. ఆ మోపెడు కేసి చూసేరు. మొహంలో ఓ చిన్న నవ్వు, అణుచుకుందామన్నా ఆగడం లేదు.

"ఆయ్, అదేనండీ," అన్నారు, "వెళ్తూ వెళ్తూ నన్ను కాస్త మా ఇంటి దగ్గర దింపేస్తారా అండీ?"